జహ్రా మడుగు పక్కన కారవాన్ బేరం

కువైట్‌లో నాకంటే చవగ్గా కారవాన్ కొన్న తెలుగువాడు లేడని ఇప్పటికీ గుండెమీద చెయ్యేసుకుని చెప్పగలను. ఇంకెవడూ కొనలేదు కాబట్టి పోటీ లేదనుకోండి, అది వేరే సంగతి. రెండు మంచాలు, గ్యాస్ పొయ్యి, చిన్న ఫ్రిజ్, గోడకు మడిచిపెట్టే బల్ల, పైన నీళ్ళ ట్యాంకు. దేశం వదిలి వెళ్ళిపోతున్న ఓ ఇంగ్లీషు ఇంజనీరు తొమ్మిది వందల దినార్లు అన్నాడు. జూలై ఎండలో మూడు సాయంత్రాలు ఆయన గుమ్మంలో నిలబడి మూడు వందల యాభైకి దించాను. ఆఖరున పిట్టల్ని చూసే బైనాక్యులర్స్ కొసరుగా లాగాను. దాన్ని లాక్కెళ్ళడానికి నాకు కారు లేదు, ఉన్నా తోలడం రాదు. 1990 ఆగస్టు మొదట్లో, ఇరాక్ సైన్యం కువైట్‌లోకి దిగడానికి సరిగ్గా ముందు రోజు, ఆ సైన్యం రాబోయే దారి పక్కనే దాన్ని పెట్టించాను.

మాది ప్రొద్దుటూరు. నాన్నకు బట్టల కొట్టు, చిన్నాన్నలకు కిరాణా, మేనమామకు ఇత్తడి సామాన్లు. అన్నం కలుపుకోవడం కంటే ముందు బేరం నేర్పారు మాకు. "ధర కుదరకపోతే లేచి రెండడుగులు వెయ్యి. అవతలివాడికి గరజుంటే వాడే పిలుస్తాడు" అనేవాడు నాన్న. ఆ మాట నన్నెప్పుడూ మోసం చెయ్యలేదు. కువైట్‌లో ఒక కంపెనీ స్టోర్సులో గుమాస్తాగా చేరాక కూడా మేకుల నుంచి సిమెంటు దాకా రెండడుగులు వేసే కొన్నాను.

కువైట్ నగరం అంచున అబ్బాసియాలో నాతో ఒకే గదిలో ఉండే మనిషి మా అక్క మొగుడు. ఒక మెస్సులో వంట చేసేవాడు. బావకు రెండు ఉండేవి: చక్కెర జబ్బు, పిట్టల పిచ్చి. ఊళ్ళో చెరువు చూడక ఆరేళ్ళయిందని, జహ్రా ఊరికి అవతల రెల్లు పెరిగిన మడుగు ఉందట, నీటికోళ్ళు ఉంటాయట అని చెవినిల్లు కట్టుకుని పోరేవాడు. కారవాన్ కొనడానికి ఆ వంక దొరికింది నాకు. బుధవారం సాయంత్రం మా కంపెనీ డ్రైవరు దాన్ని లాక్కొచ్చి రెల్లు పక్కన వదిలి, శుక్రవారం వస్తానని వెళ్ళిపోయాడు.

తెల్లారుజామున బావ నన్ను కుదిపి లేపాడు. నీళ్ళ మీద ఎర్రటి పుల్లల్లాంటి కాళ్ళతో నలుపూ తెలుపూ పిట్టలు బురదలో పొడుచుకు తింటున్నాయి. రెల్లు మొదట్లో ఒక నీటికోడి పిల్లల్ని వెంటేసుకుని ఈదుతోంది. ఉన్నట్టుండి అన్నీ ఒక్కసారిగా లేచాయి. మడుగంతా రెక్కలే.

"చూస్తివా! నీ దుడ్లు వసూలైపాయ రా" అని బావ పకపకా నవ్వాడు.

నేను చప్పట్లు కూడా కొట్టాను. తరువాత కదా కాళ్ళ కింద నేల వణుకుతున్నట్టు తెలిసింది. రోడ్డు వైపు దుమ్ము గోడలా లేచింది. దాని వెనక నుంచి ట్యాంకులు, లారీలు, మళ్ళీ ట్యాంకులు. లెక్కపెట్టడం వృత్తిగా ఉన్నవాణ్ణి, నలభై దాటాక మానేశాను.

మడుగుకు అవతలి ఒడ్డున గొర్రెలు మేపుకునే ఒక బదూ, ఎడారి తెగ మనిషి, ఉండేవాడు. ముందు రోజు మాకు పాలు పోశాడు. ఎనిమిదింటికి పికప్పు వేసుకుని వచ్చాడు. ముందు సీట్లో భార్య, వెనక నలుగురు పిల్లలు, రెండు గొర్రెలు. ఎడారి దారులన్నీ తనకు తెలుసునని, మా ఇద్దర్నీ సౌదీ సరిహద్దు దాకా దింపుతానని అన్నాడు. బదులుగా ఈ కారవాన్ కావాలి. పిల్లలకు నీడ ఉండాలిగదా అన్నాడు.

"ఇచ్చేయ్ రా," అన్నాడు బావ తెలుగులో. "నేను ఈ ఎండలో నడిచేటోణ్ణి కాదు. నీకు తెల్దా?"

తెలుసు. ఆయన బాగోగులు చూడమనే అక్క నన్ను ఈ దేశం పంపించింది. అయినా, ఊరుకోమని బావకు కళ్ళతోనే సైగ చేశాను. బేరం నడుస్తుండగా మనవాడే ధర పెంచితే ఎలా?

"బండి కాదు. పొయ్యి, ఫ్రిజ్, నా చేతి గడియారం తీసుకో" అన్నాను.

అతను తల అడ్డంగా ఊపి బండినే చూపించాడు. నేను లేచాను. రెండడుగులు వేశాను. మూడోది నెమ్మదిగా వేశాను, నాలుగోది మరీ నెమ్మదిగా. వెనకనుంచి "ఖలాస్", అయిపోయింది, అని వినిపించింది. ఒప్పుకున్నాడనుకుని నవ్వు మొహంతో తిరిగాను. పికప్పు అప్పటికే మలుపు తిరుగుతోంది. వెనక కూర్చున్న చిన్నపిల్ల ఒకతి మా వైపు చెయ్యి ఊపింది. నేను అరుస్తూ పరుగెత్తాను, ఆ దుమ్ములో దగ్గొచ్చి ఆగిపోయాను.

బావ వెళ్ళి కారవాన్ మెట్టు మీద కూర్చుని మడుగు వైపు చూశాడు. తిట్టినా బావుండేది.

పన్నెండు గంటలకు సైనికులు వచ్చారు. ఆఫీసరుకు పడక కావాలన్నారు. నాకు వచ్చిన అరబ్బీ అంతా ధరలూ కొలతలే. ఆ ముక్కలతోనే ఏదో నసిగాను. ఒకడు నా భుజం మీద తుపాకీ గొట్టం ఆనించి పక్కకు జరిపాడు, అంతే. రసీదు అడుగుదామని నోటిదాకా వచ్చిందంటే నమ్ముతారా! కారవాన్‌ను లారీకి కట్టుకుని పోయారు. బైనాక్యులర్స్ ఒకడు మెళ్ళో వేసుకున్నాడు. మాకు రెండు రొట్టెలు పెట్టారు.

నడిచాం. రోడ్డు వదిలి, ఉప్పు తేలిన నేల మీదుగా, రబ్బరు చెప్పులతో. బావకు మధ్యలో ఒక చెప్పు తెగింది. నాది ఇస్తానంటే "నీ కాళ్ళూ కాళ్ళే కదరా" అని కండువా చుట్టుకున్నాడు. అబ్బాసియా చేరేసరికి మరునాటి ఉదయం. కాళ్ళు కడుగుతుంటే బొటనవేలి కింద చీలిక చూసింది నేను. ఆయనకు నొప్పే తెలియలేదు. చక్కెర జబ్బు వాళ్ళకు అలాగే ఉంటుందట, తరువాత చెప్పారు.

ఆ చీలిక పుండయింది, ఆ తరువాతి ఐదు వారాలు మందుల షాపుల మూసిన తలుపుల ముందు గడిచాయి. ఆపైన బస్సులో బస్రా, బాగ్దాద్, అక్కణ్ణుంచి అమ్మాన్, ఎడారిలో గుడారాలు, బొంబాయి విమానం. ప్రతిచోటా నేను ఎవరో ఒకరిని బతిమాలుతూనే ఉన్నాను, డాక్టరు కోసం. బతిమాలడం నాకు చేతకాదని అప్పుడే తెలిసింది. ఇవ్వడానికి చేతిలో ఏదైనా ఉన్నప్పుడే మాట్లాడగలను.

తిరుపతి ఆసుపత్రి వరండాలో అక్క అడిగింది: "ఆ బదూ ఎంత అడిగె?"

"శానా అడిగినాడు లేక్కా" అన్నాను.

లోపల్నుంచి బావ వింటున్నాడు. ఆయన కాదనలేదు. ఆ అబద్ధం చాలా ఏళ్ళు అలాగే నడిచింది. అందుకే ఇక్కడ లెక్క సరిగ్గా వేస్తున్నాను. అతను అడిగింది కారవాన్ ఒక్కటే. అది ఎలాగూ మధ్యాహ్నానికి పోయింది. బేరమాడి నేను మిగుల్చుకున్నది నాలుగు గంటలపాటు దానికి యజమానిగా ఉండడం. అందుకైన ఖర్చు మోకాలి కింది నుంచి కుడికాలు. అదీ నాది కాదు.