బకెట్ ఖలాస్

ఇరాక్ యుద్ధం మొదలైన మరుసటి ఏడాది వేసవి అది. అరబ్బుల దేశంలో, జల్లాఖ్ అనే ఊళ్లో సముద్రం ఒడ్డున ఒక పెద్ద హోటల్లో మేం ఊడ్చేవాళ్లం, తుడిచేవాళ్లం, కుర్చీలు మోసేవాళ్లం. హోటల్ మనుషులం కాదు. మనుషుల్ని సప్లయి చేసే ఒక కంపెనీ మమ్మల్ని పొద్దున్నే నువైద్రాత్ క్యాంపు నుంచి బస్సులో తెచ్చి దింపి, సాయంత్రం ఎక్కించుకు పోయేది. నాకప్పటికే యాభై దాటాయి.

ఆ హోటల్‌కు వచ్చిన అతిథుల కోసం జపాన్ పద్ధతిలో చేత్తో కాగితం చేయడం నేర్పే క్లాసు పెట్టారు. నేర్పడానికి జపాన్ నుంచి అరవై ఏళ్ల ఆవిడ రెండు పెట్టెలతో దిగింది. ముందురోజే హాలు సర్దడానికి నన్నూ, నా రూములోనే ఉండే ఆర్మూరు దగ్గరి మనిషినీ వేశారు. నాకంటే ఐదారేళ్లు చిన్న. నన్ను అన్నా అనేవాడు.

ఆవిడ ఆ మధ్యాహ్నం ఒకసారి చేసి చూసుకుంది. చెట్టు బెరడు ఉడికించి దంచిన గుజ్జు, తడిపిన దూదిలా ఉంది. తొట్టి నీళ్లలో వేస్తే అడుక్కి దిగిపోయింది. అప్పుడు పక్కనున్న బకెట్లోంచి ఏదో జిగురు గరిటెతో ముంచి పోసి, కర్రతో కలిపింది. అంతే, ఆ దూది ఇక దిగలేదు. తొట్టంతా పొగమంచులా పరుచుకుని నిలబడిపోయింది. సన్నటి వెదురు చాప బిగించిన చట్రాన్ని అందులో ముంచి, రెండుసార్లు ఊపి పైకి తీస్తే, చాప మీద కాగితం.

నేను మాప్ పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

"చూసింది చాల్లే పెద్దాయనా. అది గెస్టులకి. నీకెందుకు?" అన్నాడు మా సూపర్‌వైజర్. తెలుగువాడే. చదువుకున్నవాడే. నాకు నాలుగో తరగతితో బడి ఆగిపోయింది. ఆ తర్వాత నేను చదివిందంతా పొట్లాలు కట్టి వచ్చిన కాగితాల మీదే. కాగితం ఎలా పుడుతుందో చూడటానికి నాకు ఇతగాడి సెలవు కావాలట! మాప్ బకెట్లో ముంచి నెత్తిన పెడదామన్నంత కోపం వచ్చింది. ఊరుకున్నాను. ఆ పూట ఊరుకున్నందుకు ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను.

సాయంత్రం ఆవిడ మర్నాటి కోసం జిగురు బకెట్ నిండా తయారుచేసి, మీద పళ్లెం మూసి, మూలన పెట్టి వెళ్లింది. బస్సు వేళకు సూపర్‌వైజర్ మా ఆర్మూరువాడికి ఫోన్ చేశాడు. "హాల్లో బకెట్ ఖలాస్. యల్లా, బస్సుకి రండి."

ఆయన ఉద్దేశం, ఆ బకెట్ పని పూర్తయింది, ముట్టుకోకండి అని. కానీ మా వైపు ఖలాస్ చేయడమంటే మిగల్చకుండా తేల్చేయడం. మావాడు పళ్లెం తీసి చూశాడు. చెడిపోయిన గంజిలా సాగుతోంది. బాత్రూములో కుమ్మరించి, సబ్బు పెట్టి కడిగి, బకెట్ బోర్లించి వచ్చాడు. బుద్ధిగా పనిచేసేవాడు ఎవడైనా అదే చేస్తాడు.

పొద్దున ఆవిడ వచ్చి, బోర్లించి ఉన్న బకెట్ ఎత్తి లోపల చూసింది. జిగురు తీసే వేర్లు తెచ్చినవన్నీ ఆ బకెట్‌కే వాడేసిందట. పది గంటలకు అతిథులు వస్తారు.

"ఎవడ్రా పారబోసింది?"

"నేనే సార్. మీరే గద, ఖలాస్ అంటిరి."

"అయిపోయింది అన్నాను. పారబొయ్యమన్నానా?"

"ఖలాస్ అంటే ఖలాసే గద సార్."

సూపర్‌వైజర్ అక్కడే కూర్చుని ఒక కాగితం రాశాడు. హోటల్ సామాను కావాలని పాడుచేశాడని. తన ఫోన్ సంగతి అందులో ఒక్క ముక్క లేదు. ఆ కాగితం ఆఫీసుకు చేరితే వీసా క్యాన్సిల్. అంతకుముందు ఇద్దర్ని అలాగే విమానం ఎక్కించారు. మావాడు వచ్చి ఏడాది కూడా కాలేదు. "సార్, మీ కాల్మొక్త," అంటూ వంగబోయాడు. చొక్కా పట్టి లేపాను. "లే. నువ్వేం తప్పు జేసినవని మొక్కుతున్నవ్?"

ఆవిడ గరిటెకు ఇంకా కొంచెం జిగురు అంటుకుని ఉంది. రెండు వేళ్లతో తీసి సాగదీశాను. తీగ. నా వేళ్లకు అది కొత్త కాదు. వయసులో నేను నాలుగేళ్లు చెరకు బెల్లం వండే చోట పనిచేశాను. బెండ మొక్కలు దంచి, ఆ జిగురునీళ్లు మరిగే రసంలో పోస్తే మడ్డి పైకి తేలుతుంది.

"సార్, వంటింట్ల బెండకాయలు ఇప్పియ్యుండ్రి. ఒక్క గంటల జిగురు చేసిస్త."

"కూర వండుతావా పెద్దాయనా?" అని నవ్వాడు.

ఇక ఆయన్ని అడగలేదు. వంటింట్లో హైదరాబాద్ భాయ్ ఒకాయన ఉండేవాడు. "లేజావ్ చాచా, తీస్కపో, ఈడ బెండకాయ ఎవడు తింటడు," అని రెండు ట్రేలు ఇచ్చాడు. ఎండకు పంపులో నీళ్లు అప్పటికే కాగుతున్నాయి. వేడినీళ్లకు జిగురు తీగ తెగిపోతుంది. అందుకని ఐసు కూడా అడిగాను. మేమిద్దరం కాయలు చీల్చి, నలగ్గొట్టి, ఐసునీళ్లలో పిసికి, గుడ్డలో వడగట్టాం.

ఆవిడ బకెట్లో చెయ్యి ముంచి ఎత్తింది. వేళ్ల నుంచి బకెట్ దాకా తీగ తెగకుండా జారింది. వాసన చూసింది. నవ్వింది. తొట్టిలో పోసి కలిపితే దూది నిలబడింది. అప్పుడు ఆవిడ నడుం దాకా వంగి నాకు నమస్కారం చేసింది. ఏం చేయాలో తెలియక నేనూ వంగాను.

అతిథులు వచ్చారు. సూపర్‌వైజర్ మైకు అందుకుని, ఇక్కడి బెండకాయలతో జిగురు చేయించడం తన ఆలోచన అని చెప్పాడు. చప్పట్లు. చెవులు మండిపోయాయి. నేను బల్ల కింద కారిన నీళ్లు తుడుస్తున్నాను.

సగం మంది అయ్యేసరికి బకెట్ అడుగంటింది. ఇంకా కావాలని ఆవిడ నాకు సైగ చేసింది. నేను సూపర్‌వైజర్ దగ్గరికి వెళ్లాను.

"ముందు ఆ కాగితం చింపుండ్రి సార్."

"ఏ కాగితం?"

"పొద్దున రాసింది."

"గెస్టులున్నారు. తర్వాత మాట్లాడదాం."

"గెస్టులున్నరనే ఇప్పుడడుగుతున్న. వీళ్లు పోయినంక నా మాట ఎవడింటడు?"

నా వంక చూశాడు, ఖాళీ బకెట్ వంక చూశాడు. జేబులోంచి తీసి రెండుగా చింపి, ఆ రెండు ముక్కలూ మళ్లీ జేబులో పెట్టుకోబోయాడు.

"నా చేతికియ్యుండ్రి."

ఇచ్చాడు. మాప్ బకెట్లో వేసి, ఇంకు కరిగి అక్షరం మిగలకుండా పోయేదాకా పిసికాను. తర్వాత బెండకాయలు చీల్చడానికి కత్తి అందుకున్నాను.

సాయంత్రం బస్సులో మావాడు అడిగాడు. "అన్నా, ఇంతకు ఆ బకెట్ల ఏముండె?"

"ఏదో చెట్టు వేరు జిగురంట. మన బెండకాయ లెక్కటిదే."

బస్సు రిఫా ఊరు దాటింది. అప్పుడు మావాడు అన్నాడు: "బెండకాయ నీళ్లకా నన్ను ఇంటికి తోలుతుండె?"

ముందు సీట్లోవాళ్లు పగలబడి నవ్వారు. నాకు ఒళ్లు మండిపోయింది.

"నవ్వుండ్రి, నవ్వుండ్రి," అన్నాను. "రేపు ఆ సారు మీ కాడ గూడ ఒక బకెట్ పెడ్తడు."