ఒంటిచేతి గొడుగాట

కాశీబుగ్గ బస్టాండు ఎదురుగా సెల్‌ఫోన్లు బాగుచేసే కూర్మారావు పాలిటెక్నిక్ రెండో ఏట మానేశాడు. మానేశాడని మనం అనాలి గానీ, అతన్నడిగితే "ఆ సదువే నాకు సరిపోలేదు" అంటాడు. అతని గొప్పలు తూచడానికి పక్కనే పలాసలో ఉన్న జీడిపిక్కల కాటాలన్నీ తెచ్చినా చాలవు. ఒకప్పుడు తన వేళ్ల వేగానికి కీబోర్డు వేడెక్కితే దానిమీద అట్టు పోసుకు తిన్నానంటాడు. అట్టు సంగతి తెలీదు గానీ, వేళ్ల సంగతి నిజమే.

ఆ వేళ్లకు పని నేర్పింది అమగాస అనే జపాను ఆట. గొడుగులతో కొట్టుకునే ఆట. పెద్ద కంపెనీ ఏదీ చేసింది కాదు. ముగ్గురు స్నేహితులు ఓ అద్దె గదిలో కూర్చుని తయారుచేసి, సీడీలకెక్కించి, తిరునాళ్లలో బొమ్మలు పరిచినట్టు బల్లమీద పరిచి అమ్ముకున్నారట. ఆ సీడీకి నకలు, ఆ నకలుకి నకలు ఎన్ని చేతులు మారిందో గానీ, కాశీబుగ్గ నెట్ సెంటరులో ఓ మూల కంప్యూటరులోకి వచ్చి పడింది. కూర్మారావుకీ, కంచిలిలో ఉండే మేనత్త కొడుకు జగదీష్‌కీ అక్కడే దొరికింది.

అక్షరాలన్నీ జపానువే కావడంతో ఆటలోని మనుషులకు వీళ్లే పేర్లు పెట్టుకున్నారు. తెల్ల గొడుగు ముసలమ్మ కాస్తా, సముద్రపొడ్డు బారువ నుంచి ఊళ్లోకి ఎండుచేపలు తెచ్చే ఎర్రమ్మ అయింది. ఒకటే కీబోర్డు, ఇద్దరు మనుషులు, మోచేతులు డొక్కల్లో గుచ్చుకునేవి. ఎడమ కుర్చీ కూర్మారావుది. గెలుపూ అతనిదే. రెండో భాగం ఇంగ్లీషు అక్షరాలతో వచ్చాక గానీ అసలు సంగతి బయటపడలేదు. మొదటిదాంట్లో వాళ్లు తెలీక సెట్టింగుల్లో ఏదో నొక్కేశారు, దాంతో ఎడమవైపు ఆటగాడి దెబ్బకి రెట్టింపు బలం వచ్చి కూర్చుంది.

"అయితే ఇన్నాళ్లూ నువ్వు గెలవలేదురా కూర్మా, ఆ కుర్సీ గెలిసింది" అన్నాడు జగదీష్.

రెండో భాగంలో మనుషులు గాల్లోకి లేచారు, కీబోర్డు పోయి చేతుల్లోకి జాయ్‌ప్యాడ్లు వచ్చాయి. మూడోదానికి జపానులో ఆటల అంగళ్లలో జనం వరసలు కట్టారట. ఇక్కడ మాత్రం అప్పటికి జగదీష్ కూర్మారావు చెల్లెలు గౌతమిని చేసుకుని కంచిలిలో కొబ్బరితోట చూసుకుంటున్నాడు. ఆట నెట్ మీద నడిచేది. కూర్మారావు దుకాణంలో గొడుగు ఎత్తి, బయటకెళ్లి టీ తాగి వస్తే, అప్పటికి కంచిలిలో దెబ్బ తగిలేది. అయినా జగదీష్‌దే పైచేయి. పెద్ద దెబ్బ కొట్టాలంటే ఎడమ బొటనవేలితో మీటను అరచక్రం తిప్పాలి. కొబ్బరికాయను గునపానికి గుచ్చి పీచు ఒలిచే విసురే ఆ వేలిలోనూ ఉండేది.

నాలుగో భాగం ఫోనులోకి కూడా వచ్చింది. నెట్ నత్తనడక మానింది. బొమ్మలు సినిమాలా మెరిశాయి. దాంతోపాటు ఒంటిచేతి పద్ధతని ఒకటి పెట్టారు: చక్రాలు తిప్పక్కర్లేదు, నడకా దెబ్బా అన్నీ కుడిచేతి మీటల్లోనే. కూర్మారావుకి ఒళ్లు మండింది. ఫోను అద్దం పగిలి వచ్చినవాళ్లకు కూడా, అడక్కపోయినా, "ఉయ్యాల్లో పిల్లల కోసం పెట్టినారు. ఆట సచ్చిపోనాది" అని చెప్పి పంపేవాడు.

ఆ ఏడే జగదీష్‌కి కిడ్నీలు పోయాయి. కిడ్నీ జబ్బుకి పేరుపడ్డ ఈ ఉద్దానం ఊళ్లలో ఈ కబురు ఏ వీధికీ కొత్త కాదు. డయాలసిస్ సూదుల కోసం ఎడమచేతి నరాలు కలిపి కుట్టారు. బరువులెత్తకూడదు. మిషనుకి కట్టినంతసేపూ ఆ చెయ్యి కదపకూడదు. జగదీష్ జాయ్‌ప్యాడు పక్కింటి పిల్లలకిచ్చేశాడు. తర్వాత మాటలూ తగ్గించాడు. ఒకరోజు పొద్దున్నే గౌతమి ఫోన్ చేసింది.

"అన్నా, మీ బావ నిన్న ఆస్పత్రికి ఎల్లలేదు. ఇంకెప్పుడూ ఎల్లనంటన్నాడు."

మానేస్తే ఏమవుతుందో ఉద్దానంలో ఎవరికీ వివరించనక్కర్లేదు. కూర్మారావు షట్టరు దించి బండెక్కాడు. జగదీష్ తోటలో చెట్టుకి ఆనుకుని కూర్చున్నాడు.

"ఏటి బావా, మానేసినావట."

"నువ్వు పాలిటెక్నిక్ మానేసినావు. నానేటైనా అడిగినానా?"

కూర్మారావు పక్కన కూర్చున్నాడు.

"ఆ మంచం మీద పడుకుని కప్పు సూడ్డం నావల్ల కాదురా" అన్నాడు జగదీష్. "ఫేనుకి రెక్కలుంతాయి, అవి తిరుగుతాయి. నాను తిరగను. సాలు, నన్నొగ్గీ."

ప్రతిదానికీ ఓ కోత ఉండే కూర్మారావుకి ఇప్పుడు తోచింది కూడా పాత బడాయే.

"కొత్త అమగాసలో నన్ను ఓడించినోడు పలాసలో లేడు. ఆస్పత్రికి వత్తే సూపిత్తాను."

జగదీష్ కుట్లున్న చెయ్యి చూపించాడు. "దీంతోనా?"

"కుడిసెయ్యుంది కదా. ఒంటిసేతి పద్ధతని పెట్టినారు."

"అది ఉయ్యాల్లో పిల్లలదన్నావు."

"అన్నాను. నాననని మాటేటైనా ఉందా?"

జగదీష్ అతని మొహం కేసి చూశాడు. తర్వాత మెల్లిగా లేచి చొక్కా కోసం లోపలికెళ్లాడు.

ఆసుపత్రిలో సూదులు గుచ్చడం అయ్యాక కూర్మారావు మంచం పక్కన స్టూలు లాక్కున్నాడు. రెండు ఫోన్లు కలిపాడు. తన ఎడమచెయ్యి తొడకింద పెట్టుకుని దానిమీద కూర్చున్నాడు.

"అదేటి?"

"సమానంగా ఆడాలి కదేటి."

ఆడితే తెలిసింది. ఇన్నేళ్లు చక్రాలు తిప్పిన ఎడమ బొటనవేలు తొడకింద గిలగిల్లాడుతోంది, కుడిచేతికేమో ఏ మీట ఎక్కడో గుర్తుండటం లేదు. పిల్లల ఆటన్నది అతన్ని నేలకేసి కొట్టింది. ఓడాడు. మళ్లీ ఓడాడు. ఫోను వేడెక్కిందన్నాడు, స్టూలు ఎత్తు చాలలేదన్నాడు.

"ఇప్పుడు ఆ స్టూలు ఓడిపోనాదేటి?" అని జగదీష్ నవ్వాడు. నవ్వుకి భుజం కదిలింది.

నర్సు కమలకుమారి వచ్చి ఎడమచెయ్యి సరిచేసింది. "నవ్వండి గానీ చెయ్యి కదపకండి" అని, కూర్మారావు కేసి తిరిగి, "మీరు ఆయన్ని నవ్వించకండి" అంది.

"నానేటి సేసినానమ్మా? ఓడిపోవడమే కదా" అన్నాడు కూర్మారావు.

మరో ఆట మధ్యలో ఉండగా నాలుగు గంటలూ అయ్యాయని మిషను మోగింది. కమలకుమారి సూదులు తీయడానికి వచ్చింది.

జగదీష్ ఫోన్లోంచి తలెత్తాడు. "అప్పుడే అయిపోనాదేటి?"

కూర్మారావు తొడకింది చెయ్యి తీసుకుని తిమ్మిరి పోయేదాకా రుద్దుకుంటూ ఉండిపోయాడు.

సాయంత్రం కంచిలి దారిలో బండి గుంటలు తప్పిస్తూ నింపాదిగా నడిపాడు. వెనక కూర్చున్న జగదీష్ ఊరు దగ్గరపడ్డాక అతని చెవి దగ్గరికి వంగాడు.

"శనివారం పెందలకడనే రా. నువ్వు ఆలీసం సేత్తే నానొక్కడినే బస్సెక్కి ఎల్లిపోతాను."

"సరే బావా" అన్నాడు కూర్మారావు.