మిరపకళ్లంలో తెల్ల గీత

మంచి కాయల్లో తాలు కలపదని నాకున్న పేరు ఈ రోజు ఏన్కూరు మిరపకళ్లంలో పోయింది.

మనవరాలు సుజాత కెమెరాతో మంచె ఎక్కింది. ఫోటో శుభ్రంగా రావాలని, కూలీలు ఎర్రకాయల మధ్య వరసగా ఏరిపెట్టిన తెల్లటి తాలుకాయలన్నీ నేను ఎత్తించేశాను.

“నానమ్మా, ఆ తెల్ల గీత కోసమే కదా ఎక్కిన! ఏదది?” అని అది ఏడుపు ముఖం పెట్టింది. రీలులో మిగిలింది ఒక్క ఫోటోనే.

“మల్ల పొయ్యాల్నా, దొరసానీ?” అని కూలి మల్లమ్మ నవ్వింది.

చేసేది లేక నేనే వంగి, ఎర్రకాయల మీద తాలుకాయలను తిన్నగా పేర్చాను. సరిగ్గా అప్పుడే సరుకు చూడడానికి బేరగాడు వచ్చాడు.

“అమ్మా! తాలు మీరే కలుపుతున్నరా?”

ఫోటో కోసమన్నాను. అతను కుప్పను అడుగుదాకా కెలికి చూశాడు. నిజం చెప్పండి, మీరైతే నమ్మేవారా?