ఓబులేసు రక్తంలో తగ్గని మందు

దెయ్యాలను నేను నమ్మను. హిందూపురంలో మా టీ అంగడికి వచ్చేవాళ్లకు నేనే బోలెడు దెయ్యాలను పుట్టించి చెప్పాను. లేపాక్షి రోడ్డులో ఒకదానితో కాపురం కూడా పెట్టించాను. పుట్టించినవాడికి భయమెందుకుంటుంది? అందుకే ఈ సంగతి చెబితే మా ఆవిడ తప్ప ఎవరూ నమ్మరు. ఆమె నమ్మడం కూడా, అప్పుడు తానూ అక్కడే ఉంది కాబట్టి.

నా బావమరిది ఓబులేసు ధర్మవరంలో పట్టుచీరలు నేస్తాడు. చిన్నప్పటి నుంచి మూర్ఛ. మాత్ర వేసుకుంటే రాదు. ఆ మాత్రను మా అత్త రోజూ పొద్దున రాగిసంగటి ముద్దలో దాచి, తన చేత్తోనే వాడి నోట్లో పెట్టేది. మీసాలొచ్చి మగ్గమెక్కినా వాడు అలాగే తినేవాడు.

పోయిన ఏడాది అత్త చనిపోయింది. తమ్ముడికి తోడుగా మా ఆవిడ రమణమ్మ ధర్మవరంలో ఉండిపోయింది. కొన్ని వారాలకే ఓబులేసు నడిస్తే తూలడం మొదలైంది. మాట తడబడేది. మగ్గం మీద దారపు నాడె విసిరితే రెండో చేతికి అందేది కాదు. డాక్టరుకు చూపిద్దామని నేనూ రమణమ్మా బస్సులో హిందూపురం తీసుకొస్తుంటే, పెనుకొండలో కాఫీకి దిగి అడుగు వేయలేక నన్ను పట్టుకున్నాడు.

"ఏమప్పా, పొద్దున్నే ఏసుకున్యావా? యాడ దొరికిందో మాకూ జెప్పు" అని పక్కనున్నాయన నవ్వాడు.

డాక్టరు రక్తం పరీక్ష చేయించి, మందు ఎక్కువైందన్నాడు. ఈ మందు ఒక్కో ఒంట్లో ఒక్కో రకంగా అరుగుతుందట. ఒక హద్దు దాటాక కొంచెం పెంచినా రక్తంలో అమాంతం పెరిగిపోతుందట. తక్కువైతే మూర్ఛ, మరీ ఎక్కువైతే ప్రాణానికే ముప్పు. రక్తంలో కొలుచుకుంటూ ఈ మనిషికి ఎంత సరిపోతుందో లెక్కగట్టాలన్నాడు.

ఎలా ఎక్కువైందో అప్పుడే తేలింది. రమణమ్మ తమ్ముడి చేతికి మాత్ర ఇచ్చేది. అది కాక తల్లి ఫొటో ముందు రోజూ సంగటి ముద్ద పెట్టి, తల్లి చేసినట్టే అందులోనూ ఒక మాత్ర గుచ్చేది. ఆ ముద్దను తమ్ముడు ఆవుకు వేస్తున్నాడనుకుంది. వాడేమో అమ్మ ప్రసాదమని తినేసేవాడు.

"అమ్మ పెట్టినట్టే పెట్టల్ల గదా అనుకుంటి" అని ఏడ్చింది. కారణం తెలిసింది కదా అని నేను నవ్వాను కూడా.

ఓబులేసును ఆసుపత్రిలో చేర్చుకున్నారు. మాత్ర పూర్తిగా ఆపేశారు. ఇంట్లో మిగిలినవన్నీ తెచ్చి నర్సుకు అప్పజెప్పాం. తిండి పాలూ బ్రెడ్డే.

మరుసటి రోజు పరీక్షలో మందు ఇంకా పెరిగింది. కడుపులో మిగిలినది దిగుతోందేమో అన్నాడు డాక్టరు. ఆ తర్వాత మళ్లీ పెరిగింది. ల్యాబులో పొరపాటేమోనని ఇంకోసారి రక్తం తీశారు. అదే లెక్క. మీలో ఎవరో మాత్ర ఇస్తున్నారు, నిజం చెప్పమని డాక్టరు మమ్మల్ని నిలదీశాడు.

ఆ మధ్యాహ్నం నేనే మంచం పక్కన కదలకుండా కూర్చున్నాను. కిటికీలోంచి ఎండ పడుతోంది. ఓబులేసు కళ్లు మూసుకునే ఉన్నాడు. ఉన్నట్టుండి నోరు తెరిచాడు. నమిలాడు. గుటక వేశాడు. గొంతు కదలడం చూశాను.

పెదవి మూలన రాగిసంగటి అంటుకుని ఉంది. వేలితో తాకాను. వేడిగా ఉంది.

ఎవరు పెట్టారని అడిగాను.

"అమ్మ, బావా. ఈడే కూసోనుండాది" అన్నాడు. వాడు చూస్తున్నది నన్ను కాదు, నా పక్కనున్న ఖాళీ స్టూలును.

కారిడారులోకి పరిగెత్తి, జరిగింది చెప్పి రమణమ్మను పిలుచుకొచ్చాను. ఆమె భయపడలేదు. స్టూలు ముందు నేల మీద కూర్చుంది.

"అమ్మా, నువ్వు పెట్టేకొద్దీ వాడు సస్తాండాడు. ఇంక సాలు. మేం జూసుకుంటాం" అంది.

మర్నాటి నుంచి రక్తంలో మందు తగ్గుతూ వచ్చింది. ఎందుకు పెరిగిందని అడిగితే డాక్టరు రిపోర్టులు అటూ ఇటూ తిప్పి ఫైలు మూసేశాడు. నాకూ తెలియదు. వాడి ఒంటికి సరిపోయే మోతాదు లెక్కగట్టి మాత్ర మళ్లీ మొదలుపెట్టించాడు. ఓబులేసు ఇప్పుడు మగ్గం నేస్తున్నాడు.

ధర్మవరం పోయినప్పుడు మాత్ర నేనే ఇస్తాను. వాడు వెంటనే మింగడు. పక్కకు తిరిగి కాసేపు చూస్తాడు. ఎవరో సరేనన్నట్టు తల ఊపి, అప్పుడు మింగుతాడు.

నేను ఆ పక్కకు చూడను.