రిమార్కుల గడిలో మనిషి

మా మనవరాలు, ఆమె స్నేహితులు ముగ్గురు కలిసి, కరెంటుతో పనిలేని గిటారు, వేణువు, డోలక్కులతో ఒంటరితనం మీద ఒక ఆల్బమ్ చేసి, మొన్న నంద్యాలలో మా వరండాలోనే నాకు వినిపించారు. పాటలు బాగున్నాయి, ఆ మాట ముందే చెప్పాలి. కానీ నాలుగో పాటకు పల్లవిగా ‘వాన లేదు, మనిషి లేడు’ అని వినబడేసరికి నాకు మండిపోయింది. అది నా రిజిస్టరులోని వాక్యం. అడిగే తీసుకున్నారు, సరే. దాని కింద ఎర్రసిరాతో వచ్చిన జవాబులను వదిలేస్తే అది సగం రికార్డు కాదా?

మన ఈడు వారికి చెబితే అర్థమవుతుంది. ఆళ్లగడ్డ అవతల నల్లమల అంచున, వాన కొలిచే ఉద్యోగంలో చేరేనాటికి నాకు ఇరవై రెండేళ్లు. రోజూ ఉదయం వర్షమాపకం చూసి, మిల్లీమీటర్లు రిజిస్టరులో వేసి, వారానికొకసారి నకలు నంద్యాల ఆఫీసుకు టపాలో పంపడమే పని. ఆ ఏడు వాన రాలేదు, మనుషులూ రాలేదు. గోడలతో మాట్లాడే స్థితికి వచ్చి, రాజీనామా కాగితం రాసి పెట్టుకున్నాను. అయినా ఏ గడినీ ఖాళీగా వదలడం నాకు చేతకాదు గనుక, రిమార్కుల గడిలో ఉన్నది ఉన్నట్టు ఆ వాక్యమే రాస్తూ పోయాను.

తప్పులను ఎర్రసిరాతో గుర్తించి నకలును తిప్పి పంపే గుమాస్తా ఒకాయన ఆ ఆఫీసులో ఉండేవాడు. ముఖమెరుగని ఆ మనిషి ఒక వారం, ‘మనుషుల కొలతకు ఈ పట్టికలో గడి లేదు. అయినను, ఎవరైనా వచ్చిరా, తెలుపవలెను’ అని రాశాడు. ఎగతాళి అనుకుని కోపంతో, ‘రాలేదు. నక్క వచ్చినది’ అని రాశాను. మరుసటి వారం జవాబు: ‘నక్క ఎన్ని మిల్లీమీటర్లు?’ ఆ గదిలో ఒక్కణ్ణే పగలబడి నవ్వాను. ఈ వారం ఏమంటాడో చూసి రాజీనామా పంపుదాం అనుకుంటూ నెలలు గడిపేశాను.

ఒక ఉదయం ఆళ్లగడ్డ బస్సు దిగి, అడవి దారిన నడిచి ఆయనే వచ్చాడు.

“ఏమప్పా, యాడుండావ్? మనిషొచ్చినాడు, రాసుకో!”

“కొలవకుండా ఎట్ల రాయాల?” అన్నాను.

“కొలుచుకోప్పా, అయిదడుగుల మూడంగుళాలు!”

అలాగే రాశాను. రాజీనామా కాగితంతో పొయ్యి రాజేసి ఆయనకు టీ పెట్టాను. తర్వాతి కాలంలో ఆయన కూతురే మా కోడలైంది. అంటే ఈ పిల్ల ఆల్బమ్‌లోంచి తన తల్లిని కన్న తండ్రినే కొట్టేసింది!

ఇదంతా వినిపించి నిలదీస్తే, అది నవ్వి, “నీకు జవాబు రాసేటాయన ఉండ్య, జేజినాయనా. మేం పాడేది జవాబు రానోళ్ల గురించి” అంది.

యాభై ఏళ్ల నాటి రిజిస్టర్లు దించి మళ్లీ తిరగేశాను, పిల్ల మాట నిజమే. మా రోజుల్లో తప్పులు పట్టడానికైనా సరే, చివరి గడి దాకా చదవడం ఒకరి ఉద్యోగం. ఇప్పుడు అందరూ పొద్దస్తమానం రాస్తూనే ఉన్నారు. చదవడం మాత్రం ఎవరి ఉద్యోగమూ కాదు.