వాసంతమ్మ కొట్టుకు వచ్చిన లక్ష్మి

భర్త పోయాక జార్జి టౌన్ పాత మార్కెట్ హాల్లో పసుపు కుంకుమల కొట్టు వాసంతమ్మే నడుపుతోంది. ఈమధ్య ఈగలు తోలుకోవడమే పని. ఆ శుక్రవారం తలుపు తీయబోతే గడప మీద ఎవరిదో రేకుపెట్టె కనబడింది. శుక్రవారం గడపకొచ్చింది లక్ష్మే అనుకుని, బొట్టుపెట్టి, పూలు చుట్టి, దేవుడి పటాల మధ్య ఉంచింది.

కాసేపటికి ఆఫీసుల్లో పనిచేసే కుర్రకారు గుంపులుగా వచ్చారు. హాల్లో దాచిన నిధిని వెతికే ఆటట.

"నిధా? ఈడేముంటాదమ్మా!" అని నవ్వింది వాసంతమ్మ.

అడిగినవాళ్లు ఊరికే పోలేక తలా ఒకటి కొన్నారు. మధ్యాహ్నానికి కొట్లోని పసుపు కుంకుమల బుట్టలు ఖాళీ.

చివరికి వాళ్లలో ఆరతి అనే అమ్మాయి పూలకింద పెట్టెను చూసి, తాము వెతికే నిధి అదేనని గుర్తుపట్టింది. తెరిస్తే చాక్లెట్లు!

"మీరే ఉంచుకోండి ఆంటీ."

వాసంతమ్మ ఖాళీ బుట్టలకేసి చూసి చేతులు జోడించింది.

"నువ్వే తీసుకో తల్లీ. నా లక్ష్మి పొద్దున్నుంచీ ఈడికి నడిచొస్తానే ఉంది."