రోజుకు గంట చాలని రాసింది నేనే

ఈ సాయంత్రం ఒక ఫోటో మెయిల్ చేయడానికి చాంద్రాయణగుట్టలోని నెట్ సెంటర్‌కు వెళ్లాను. పక్క కంప్యూటర్ ముందు మా వీధి ఆర్టీసీ మెకానిక్ కూతురు మేరీ కూర్చుని ఉంది. పదో తరగతి. తెర మీది లెక్కలను నోట్‌బుక్‌లోకి ఎక్కించుకుంటోంది. ఇంట్లో చేసి, మర్నాడు ఇక్కడికొచ్చి జవాబులు టైపు చేస్తుందట. భిన్నాలు, వర్గమూలాలు టైపు చేయడానికే లెక్క చేసినంత సేపు పడుతుందట.

జూన్‌లో ఒక కంపెనీ అమ్మే ఇంటర్నెట్ పాఠాల మీద మా పేపర్లో నేను రాసిన వార్త చూసే లెక్కలు, సైన్సు రెండింటిలోనూ చేరింది.

"సైన్సు ఎట్లా ఉంది?" అని అడిగాను.

"బంద్ చేసిన అంకుల్. మొన్ననే పేరు తీసేయించిన."

"ఎందుకమ్మా?"

"రెండిటికి కలిపి రోజుకు గంట చాలని మీరే రాసిండ్రు గదా. నాకు నాలుగు గంటలు పడ్తుంది. మా బాపు గూడ పేపర్ చూపిచ్చి, అందరు ఒక్క గంటలనే చేస్తుండ్రు, నీకేమైంది అన్నడు. నాకే మెదడు తక్కువేమో అనుకున్న."

ఆ గంట లెక్క నాకు చెప్పింది కోర్సు అమ్మే మేనేజరు. చదివే పిల్లల్లో ఒక్కరినీ నేను అడగలేదు. ఆ సంగతే మేరీకి చెప్పాను.

"ముందే చెప్తే అయిపోతుండె గదా అంకుల్" అంది, కోపం లేకుండా.

ఇంటికొచ్చి కంపెనీకి ఫోన్ చేశాను. సైన్సులో ఈ ఏడాదికి మళ్లీ చేర్చుకోరట. రేపు వాళ్ల నాన్నను కలిసి, తప్పు అమ్మాయిది కాదని చెప్పాలి.

రెండో మనిషిని అడగందే వార్త రాయొద్దని ఆఫీసులో కొత్తవాళ్లకు చెప్పేది నేనే. మీ పిల్లలకు నిజంగా ఎన్ని గంటలు పడుతోందో వాళ్లనే అడిగి, ఈ పోస్టు కింద రాయండి.